పోయినేడాది చివరి సీటు ఎవరికొచ్చింది?

విజయవాడలో ఏలూరు బస్సెక్కితే గన్నవరం దాటాక వచ్చే పెద్ద కూడలి హనుమాన్ జంక్షన్. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారిలోకి అటు నూజివీడు రోడ్డు, ఇటు గుడివాడ రోడ్డు వచ్చి కలుస్తాయి. ఊరికి పేరు తెచ్చింది కూడలిలోని ఆంజనేయస్వామి గుడి. రైల్వే స్టేషన్ బోర్డు మీద మాత్రం ‘నూజివీడు’ అని ఉంటుంది. పిల్లల చదువులకు కూడా ఇది నాలుగు దారుల చోటే. ఉత్తరాన నూజివీడు ట్రిపుల్ ఐటీ. పడమట విజయవాడ, దాని చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్. తూర్పున ఏలూరు మీదుగా వెళ్తే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ. ఈ దారుల్లో ఏది తెరుచుకుంటుందో చెప్పేది ఒక అంకె. దాన్నే ర్యాంకు అంటున్నాం.

ఫలితాల రోజు సంబరమైనా దిగులైనా ఒక పూటలో సర్దుకుంటుంది. మర్నాటి నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా నెట్ సెంటర్లో, బస్టాండు బెంచీ మీద, పెళ్లి భోజనాల పంక్తిలో ఒకటే ప్రశ్న: ‘‘ఈ ర్యాంకుకి మా పాపకి ఎక్కడొస్తుందండీ?’’ పక్కింటాయన ఒక మాట చెబుతాడు, కాలేజీ తరఫున ఫోన్ చేసినవాళ్లు ఇంకో మాట, ఫోన్లోని ‘కాలేజ్ ప్రెడిక్టర్’ మరో మాట. ఎవరి మాట నమ్మాలో తెలియక పదిహేడేళ్ల పిల్ల, ఆమె వెనక నిలబడ్డ నాన్న నలిగిపోతారు. అది చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే ఈ అంచనాకు కావలసిన సమాచారం చాలావరకు కౌన్సెలింగ్ వెబ్‌సైట్లలోనే ఉచితంగా దొరుకుతుంది. కూడికలు, తీసివేతలు వచ్చిన ఎవరైనా దాన్ని చదవడం నేర్చుకోవచ్చు.

మార్కులతో మొదలుపెడితే దారి తప్పుతాం

‘ఆరొందలు దాటితే మెడిసిన్ సీటు ఖాయం’ లాంటి మాటలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. నీట్‌లో 2023 నుంచి 2025 దాకా జరిగిన కథ చూస్తే ఆ మాటకు విలువెంతో తెలుస్తుంది. 720 మార్కుల ఆ పరీక్షలో 2024లో, సవరించిన ఫలితాల ప్రకారమే 17 మందికి పూర్తి మార్కులు వచ్చాయి. 650 దాటినవాళ్లు వేలల్లో ఉన్నారు. మరుసటి ఏడాది ప్రశ్నపత్రం కఠినంగా వచ్చింది. 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికే 686 మార్కులు. 650 దాటినవాళ్లు దేశమంతా కలిపి 73 మంది. జనరల్ కేటగిరీలో అర్హత మార్కు 2023లో 137 ఉంటే 2024లో 162కు ఎక్కి, 2025లో 144కు దిగింది. పిల్లలు ఒక్క ఏడాదిలో తెలివి పెంచుకోనూ లేదు, పోగొట్టుకోనూ లేదు. మారింది ప్రశ్నపత్రం. 2024 మార్కుల పట్టిక పెట్టుకుని 2025లో అంచనా వేసిన ఇల్లు అనవసరంగా ఏడ్చి ఉంటుంది.

సీట్ల సంఖ్య మాత్రం ప్రశ్నపత్రాన్ని బట్టి మారదు. అందుకే ఏ ఏటితో ఏ ఏటిని పోల్చాలన్నా ముందు మార్కును ర్యాంకులోకి మార్చుకోవాలి.

జేఈఈ మెయిన్లో ఈ మార్పిడి చేతివేళ్ల మీద చేయవచ్చు. అక్కడ ఇచ్చేది పర్సంటైల్. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులని చాలామంది తండ్రులు మురిసిపోతారు. దాని అర్థం వేరు: పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 99 మంది ఆ పిల్లవాడితో సమానంగానో వెనకో ఉన్నారు, ఒకరు ముందున్నారు. 2025లో మెయిన్ రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. అందులో ఒక శాతం 14,750. కాబట్టి 99 పర్సంటైల్ అంటే దాదాపు 14,750వ ర్యాంకు. 98 అయితే 29,500 దగ్గర. 95 అయితే 73,750 దగ్గర. ఇంత పెద్ద పరీక్షలో ఒక్క పర్సంటైల్ తేడాకు పద్నాలుగు వేల మందికి పైగా మధ్యలో వచ్చి నిలబడతారు.

‘ఇంతమందిలో మనకెక్కడొస్తుంది’ అనే నిరాశకు కూడా లెక్క చూడకపోవడమే కారణం. 2024లో ఐఐటీల్లో సీట్లు 17,740. మెయిన్ రాసిన 14.15 లక్షల మందితో పోలిస్తే నూటికి ఒకటింబావు. ఐఐటీ ప్రవేశానికి మెయిన్ తర్వాత రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసిన 1,80,200 మందితో పోలిస్తే దాదాపు పది. అందులో అర్హత సాధించిన 48,248 మందితో పోలిస్తే దాదాపు ముప్పై ఏడు. సీట్లు అవే. ఏ గుంపులో నిలబడి లెక్కిస్తున్నామన్నదాన్ని బట్టి శాతం మారిపోతోంది. పిల్లవాడు ఏ గుంపు దాకా వచ్చాడో తెలియకుండా ‘ఒక్క శాతానికే వస్తుందట’ అని భయపెట్టడం న్యాయం కాదు.

చివరి ర్యాంకు చెప్పేది

కౌన్సెలింగ్ ముగిశాక ప్రతి కాలేజీలో, ప్రతి బ్రాంచిలో, ప్రతి కేటగిరీలో ఆఖరి సీటు ఏ ర్యాంకు విద్యార్థికి దక్కిందో పట్టికగా పెడతారు. జనం దాన్ని లాస్ట్ ర్యాంక్ అనో కటాఫ్ అనో అంటారు. ఐఐటీ, ఎన్ఐటీలకు సీట్లిచ్చే జోసా అయితే మొదటి సీటు ర్యాంకును, చివరి సీటు ర్యాంకును రెంటినీ ఇస్తుంది. మన ఈఏపీసెట్‌కూ ఇలాంటి పట్టిక ఉంది. మెడిసిన్ నీట్‌కు వెళ్లిపోయాక 2021 నుంచి ఎంసెట్ పేరు మారింది గానీ జంక్షన్లో ఇప్పటికీ దాన్ని ఎంసెట్ అనే అంటారు.

పట్టిక తెరవగానే కళ్లు తిరిగేది గళ్లను చూసి. ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్, బీసీ-ఏ గర్ల్స్... ఇలా సాగిపోతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు తమ కేటగిరీ గడి ఒక్కటే చూసుకోవడం. ఓసీ అంటే అందరూ పోటీపడే సీట్లు. బీసీ-బీ అమ్మాయికి మంచి ర్యాంకు వస్తే ఓపెన్ సీటు ఆమెకే వస్తుంది. మహిళలకు కేటాయించిన మూడో వంతుతో పాటు మిగిలిన సీట్లకూ ఆమె పోటీపడవచ్చు. అంటే ఆమె నాలుగు గళ్లు చూసుకోవాలి. అందులో ఏ ఒక్కటి ఆమె ర్యాంకును దాటినా ఆశ ఉన్నట్టే.

తర్వాత చూడాల్సింది స్థానికత. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని రెండు విభాగాలున్నాయి. కృష్ణా జిల్లా మొదటిదాంట్లోది. జంక్షన్లో చదువుకున్న పిల్లకు విజయవాడ, గుంటూరు, కాకినాడ, విశాఖ కాలేజీల్లో స్థానికత ఉంటుంది. తిరుపతిలోనో అనంతపురంలోనో ఆమె మిగిలిన 15 శాతానికే పోటీపడాలి. అక్కడి పట్టికలో స్థానికుల వరసలోని ర్యాంకు చూసి ధైర్యం తెచ్చుకుంటే మోసపోతుంది.

ఇంకొకటి, ఆ పట్టిక కన్వీనర్ కోటాది. ప్రైవేటు కాలేజీల్లో సాధారణంగా 70 శాతం సీట్లు కన్వీనర్ నింపితే 30 శాతం యాజమాన్య కోటా కింద పోతాయి. ‘ఫలానావాళ్ల అబ్బాయికి అరవై వేల ర్యాంకుకే అక్కడ వచ్చింది’ అనే కబురు విన్నప్పుడు ఏ కోటాలో వచ్చిందని అడగాలి.

మూడేళ్ల వరస

ఒక్క ఏడాది చివరి ర్యాంకును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఆ అంకె వెనక ఉన్నది ఒకే ఒక్క విద్యార్థి. ఆ పిల్ల ఆ రోజు ఇంకో కాలేజీని పైన పెట్టుకుని ఉంటే అంకె మారిపోయేది. నలుగురైదుగురు డబ్బు కట్టలేక సీటు వదులుకున్నా మారిపోయేది.

శిఖరాన ఉన్న సీట్లకు ఈ ఊగిసలాట తక్కువ. ముంబయి ఐఐటీ కంప్యూటర్ సైన్స్‌లో ఓపెన్ సీటు చివరి ర్యాంకు 2023లో 67, 2024లో 68. వందలోపు ర్యాంకర్లలో ఎక్కువమంది ఎటు వెళ్తారో అందరికీ తెలుసు. ర్యాంకు వేలల్లోకి దిగేకొద్దీ ఇంటికో లెక్క మొదలవుతుంది. ఒకరికి ఊరికి దగ్గరగా ఉండాలి, ఒకరికి హాస్టల్ బాగుండాలి, ఒకరికి కాలేజీ ఏదైనా సీఎస్ఈ కావాలి. అందుకే మధ్యస్థాయి కాలేజీల చివరి ర్యాంకు ఏడాదికేడాది పెద్ద అంగలు వేస్తుంది.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ర్యాంకు 10,900. ఆమె కోరుకునే బ్రాంచిలో, ఆమెకు వర్తించే గడిలో మూడేళ్ల చివరి ర్యాంకులు వరసగా 9,800, 10,600, 11,400 అనుకుందాం. మూడేళ్లలో ఆమెకు సీటు వచ్చేది ఒక్క ఏడాదే. అయినా అంకెలు ఏటా వెనక్కి జరుగుతున్నాయి. అక్కడ సీట్లు పెరుగుతున్నాయేమో, మోజు తగ్గుతోందేమో. ఈసారి ఆశ పెట్టుకోవచ్చు. ఇప్పుడు అవే అంకెలను తిరగేద్దాం: 11,400, 10,600, 9,800. ఇప్పుడూ మూడింట ఒక్కసారే, సగటూ అదే. గిరాకీ మాత్రం పెరుగుతోంది, దారి ఇరుకవుతోంది. సగటు చెప్పని సంగతిని వరస చెప్పింది. అందుకే ఏళ్ల వరసలో మూడేళ్లవీ కాగితం మీద రాసుకోవాలి. మొదటి విడత ర్యాంకును మొదటి విడతతో, ఆఖరి విడతను ఆఖరి విడతతో పోల్చాలి.

ఇంకో భ్రమ ఉంది. ‘పది కాలేజీలు పెట్టాం, ఒక్కోదాంట్లో మూడోవంతు అవకాశం ఉంది, ఏదో ఒకటి రాకపోతుందా’ అనుకుంటారు. పదీ ఒకే స్థాయి కాలేజీలైతే ఆ లెక్క చెల్లదు. ఆ ఏడు పోటీ పెరిగితే పది చోట్లా కలిసే పెరుగుతుంది. ఒకటి జారిందంటే మిగతావీ జారే ప్రమాదం ఉంది. పదింటిలో మూడు నాలుగైనా తన ర్యాంకు కంటే బాగా వెనక ముగిసినవి ఉంటేనే రాత్రి నిద్రపడుతుంది.

కొలబద్దే మారిన ఏడాది

జంక్షన్ నుంచి ఉత్తరంగా వెళ్తే వచ్చే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఈ విషయంలో మంచి పాఠం. పల్లెటూరి ప్రతిభ కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో అదొక ప్రాంగణం. ఇంటర్‌తో సమానమైన రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్ల చదువు. పదో తరగతి ఫలితమే ప్రవేశానికి ఆధారం. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వాళ్ల వెనకబాటును గుర్తించి 4 శాతం కలుపుతారు. ప్రభుత్వ బడి పిల్లవాడు ప్రైవేటు స్కూలు స్నేహితుడి మార్కులతో తనను నేరుగా పోల్చుకుని ‘నాకు రాదులే’ అని దరఖాస్తే చేయకుండా ఉండిపోతే అంతకన్నా అన్యాయం లేదు.

పదో తరగతిలో గ్రేడ్లున్నంత కాలం పదికి పది పాయింట్లు వచ్చినవాళ్లు వేలల్లో తేలేవారు. వాళ్లందరినీ సబ్జెక్టుల గ్రేడ్లతో, పుట్టినతేదీతో విడదీయాల్సి వచ్చేది. కరోనా వల్ల పదో తరగతి పరీక్షలే రద్దయ్యాక 2020లో, 2021లో ప్రవేశ పరీక్ష పెట్టారు. 2022లో మార్కులు తిరిగొచ్చాయి, ఎంపికా వాటి మీదికే వచ్చింది. నాలుగేళ్లలో మూడు కొలబద్దలు. అన్నకు పనికొచ్చిన కటాఫ్ చెల్లెలికి పనికిరాలేదు.

ఇలాంటి మలుపులు మిగతా చోట్లా ఉన్నాయి. 2021-22 నుంచి రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోకి వచ్చాయి. మంచి ర్యాంకర్లు కొందరు అటు వెళ్తే పాత కాలేజీల చివరి ర్యాంకులు వెనక్కి జరుగుతాయి. ఒక్కో కోర్సులో ఇన్నే సీట్లుండాలన్న పరిమితిని బాగా నడిచే కాలేజీలకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీఎస్ఈ సీట్లు పెరిగినచోట పాత అంకెలకు విలువ తగ్గింది. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పటిదాకా ఒకటిగా ఉన్న 15 శాతం మూడు గ్రూపులై 1, 6.5, 7.5 శాతాలుగా విడిపోయింది. ఉమ్మడి పట్టిక చూసి ఏ గ్రూపు పిల్లవాడి అవకాశాన్నీ చెప్పలేం.

హైదరాబాద్ సంగతీ అంతే. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో తీరింది. 2025 నుంచి తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లోని 15 శాతం సీట్ల తలుపు, ఆంధ్రలోనే పెరిగి చదివిన పిల్లలకు మామూలుగా మూతపడింది. పాత పట్టికలో తన ర్యాంకు సరిపోయినా కృష్ణా జిల్లా పిల్లకు అది పాత కబురే.

అందుకే పట్టిక తెరిచే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ఏడు సీట్ల సంఖ్య మారిందా? ఎంపిక నిబంధన మారిందా? రెంటికీ కాదనే జవాబొస్తే పోయినేటి అంకె మీద చెయ్యి వేయవచ్చు.

ఆప్షన్ల వరసలో అంచనాకు చోటెంత

ఇంత కష్టపడి వేసిన అంచనాను తీసుకెళ్లి చాలా ఇళ్లు తప్పుచోట వాడతాయి. ‘ఆ కాలేజీ మనకు రాదు, మొదటి ఆప్షన్ వృథా చేసుకోకు’ అని పిల్లచేత కోరుకున్న కాలేజీని తీయించేస్తారు. వెబ్ కౌన్సెలింగ్లో వృథా అయ్యే ఆప్షన్ అంటూ లేదు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి దగ్గరికి వస్తుంది. ఆ విద్యార్థి జాబితా పైనుంచి చదువుతుంది. మొదటిది ఖాళీ లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. మొదటిది దక్కనందుకు రెండోదాంట్లో వెనక్కి నెట్టదు. పైన కలల కాలేజీ పెట్టినందుకు పోయేది ఏమీ లేదు. తీసేస్తే మాత్రం, ఆ ఏడు అనుకోకుండా అక్కడ సీటు మిగిలినా అది ఆమెకు రాదు.

ఈ పద్ధతికి గట్టి గణిత పునాది ఉంది. సీట్లనూ అభ్యర్థులనూ ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా జత చేయాలో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో ఒక వ్యాసంలో చూపారు. ఆ బాటలో చేసిన పనికి షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. 2015లో ఐఐటీలకూ ఎన్ఐటీలకూ కలిపి ఒకే కౌన్సెలింగ్ మొదలైనప్పుడు కాన్పూర్ ఐఐటీ ప్రొఫెసర్ సురేందర్ బస్వానా, ఆయన సహచరులు ఈ సూత్రాన్నే మన రిజర్వేషన్లకు తగ్గట్టు మలిచారు. మనసులో ఉన్న వరసే కాగితం మీద పెట్టడం విద్యార్థికి మేలు చేస్తుందన్నది ఇక్కడ లెక్కతో తేలిన సంగతి.

మరి అంచనా దేనికి? జాబితా ఎంత కిందిదాకా పొడిగించాలో తెలుసుకోవడానికి. పై ఆప్షన్లన్నీ జారినా కింద కచ్చితంగా ఆగే మెట్టు ఉందా లేదా చూసుకోవడానికి. చేరడం ఇష్టంలేని కాలేజీని జాబితాలో పెట్టకపోవడం కూడా అంతే ముఖ్యం. రెండో విడతలో పై ఆప్షన్ వస్తే మొదటి విడత సీటు రద్దవుతుంది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు. ఉన్నదానికంటే నిజంగా మేలనుకున్నవే రెండోసారి పెట్టాలి.

ర్యాంకే లేనిచోట

డెల్టా ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలది మరో రకం చిక్కు. అక్కడి పేరున్న విశ్వవిద్యాలయాల్లో చివరి ర్యాంకు అనేదే ఉండదు. హార్వర్డ్‌కు 2024 ప్రవేశాల్లో 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,970 మందికి పిలుపొచ్చింది. నూటికి నాలుగు కూడా కాదు. ఆ శాతం ప్రతి ఒక్కరి అవకాశమూ కాదు. మార్కులు, వ్యాసాలు, టీచర్ల సిఫార్సు లేఖలు, తరగతి బయట చేసిన పనులు అన్నీ కలిపి మనుషులు కూర్చుని చదివి తేల్చుతారు. ఒకరికి అది పది కావచ్చు, ఇంకొకరికి సున్నాకు దగ్గర కావచ్చు. పైగా సాధారణంగా ప్రతి దరఖాస్తుకూ ఫీజుంటుంది.

అందుకే అక్కడ మన వెబ్ ఆప్షన్ల సూత్రం పనిచేయదు. కలల పేర్లు పది రాసి ఊరుకుంటే డబ్బూ కాలమూ కరిగి చేతికేమీ రాకపోవచ్చు. ఎంఎస్‌కు వెళ్లే పిల్లలు యూనివర్సిటీలను ‘యాంబిషియస్, మోడరేట్, సేఫ్’ అని మూడు కుప్పలు చేసుకుంటారు. ఆ పంపకం అక్కడ అవసరమే. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు అమెరికా అలవాటుతో జంక్షన్లోని మేనకోడలికి ‘రానిదాన్ని పెట్టకు’ అని ఫోన్లో సలహా ఇచ్చినప్పుడే చిక్కొస్తుంది.

జంక్షన్ నెట్ సెంటర్లో కుర్చీలో కూర్చున్న ఆ 10,900 ర్యాంకు అమ్మాయి దగ్గరికి తిరిగి వద్దాం. చేతిలో కాగితం ఉంది. నాలుగు గళ్లవీ మూడేళ్ల ర్యాంకులు, పక్కన ఈ ఏడు పెరిగిన సీట్లు. మొదట తను కోరుకున్న కాలేజీ, తన ర్యాంకుకు అందదని తెలిసి కూడా. దాని కింద ‘రావచ్చు’ అనిపించినవి ఎనిమిదో తొమ్మిదో. ఆ కింద ఇంటి నుంచి బస్సులో వెళ్లిరాగలిగినవి నాలుగు, మూడేళ్లుగా ఇరవై వేలు దాటాక గానీ నిండనివి. నాన్న ఒక్కో కోడ్ చదువుతుంటే ఆమె ఒక్కో నంబరు కొడుతోంది. ఆఖరున సేవ్ నొక్కి, ప్రింట్ తీసుకుని, కోడ్లన్నీ మళ్లీ పైనుంచి కిందికి సరిచూసుకున్నారు. ఒకచోట రెండు బ్రాంచీలు తారుమారయ్యాయి. గడువు ఇంకా ఉంది. ఆమె మళ్లీ లాగిన్ అయ్యి ఆ రెంటినీ సరిచేసింది.